హద్దులెరిగిన సేవ

అంతర్జాలం నుండి వచ్చే సమాచారమంతా నమ్మదగినది కాదు. దానిని స్వీకరించే ప్రోగ్రాముకు సర్వాధికారాలు ఉంటే దొంగచేతికి తాళాలిచ్చినట్లే. అందుకే, 2018లో ఆండ్రియాస్ క్లింగ్ ఆరంభించిన సెరినిటీ ఓఎస్ అనే నిర్వహణ వ్యవస్థలో, వెబ్ పుటలను తెచ్చే పనిని ‘రిక్వెస్ట్ సర్వర్’ అనే ప్రత్యేక సేవకు అప్పగించారు.

ఈ సేవ మొదలవగానే, ఏ అభ్యర్థననూ స్వీకరించకముందే, రెండు నియమాలకు కట్టుబడుతుంది. ‘ప్లెడ్జ్’ ద్వారా తాను చేయబోయే పనులేవో ప్రకటిస్తుంది. ‘అన్‌వీల్’ ద్వారా తనకు అవసరమైన కొద్ది ఫైళ్లు మాత్రమే కనబడేట్లు చేసుకొని, ఆ జాబితాను మూసివేస్తుంది. ఈ పద్ధతులు ఓపెన్ బీఎస్‌డీ నుండి గ్రహించినవి.

వదలుకొన్న అధికారం మరల రాదు. ప్రకటించని పనికి పూనుకొంటే, వ్యవస్థకు కేంద్రమైన కెర్నెల్ ఆ సేవను తక్షణమే ఆపివేస్తుంది. మోసపు సమాచారం దానిని లోబరచుకొన్నా, వినియోగదారుని సొంత పత్రాలు దాని కంటికి కనబడవు.