సభలో పలికిన అంకె

పార్లమెంటు ప్రశ్నలకు జవాబులు తయారుచేసే బల్ల దగ్గరే నా ఉద్యోగం చాలావరకు గడిచిపోయింది. నేరాల మీదా, సరిహద్దు దాటి వచ్చేవాళ్ల మీదా వచ్చే ప్రశ్నలే ఎక్కువగా నా చేతికి వచ్చేవి. ఈ రెండింటికీ జవాబు చెప్పే బాధ్యత హోం మంత్రిది. లోక్‌సభలో మంగళవారం, రాజ్యసభలో బుధవారం ఆ శాఖ వంతు. సభలో చదివేది మంత్రి, కాగితం మీద పెట్టేది మాలాంటివాళ్లం. ఇప్పుడు మన ఊళ్ల నుంచి పోటీ పరీక్షలు నెగ్గి ఢిల్లీలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్లుగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "బాబాయ్, జవాబు రాసేటప్పుడు ఏం చూసుకోవాలి?" అని అడుగుతుంటారు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పినవి ఇక్కడ ఒకచోట చేరుస్తున్నాను.

1. అడిగినవారి పేరు చూడకముందే ప్రశ్న చదవండి.

కొత్తలో అందరూ ముందు చూసేది అడిగింది ఏ పార్టీ సభ్యుడా అనే. నేనూ అంతే. అధికారపక్షం వాళ్లడిగితే విప్పి చెప్పడం, ప్రతిపక్షం అడిగితే ముడుచుకుని రాయడం. అది తెలివి అనుకున్నాను. నిజానికి అడిగిన సభ్యుడికి ఆ జవాబు వినే అవకాశమే తక్కువ. కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లాటరీలో నెగ్గాలి, అప్పుడు గాని ప్రశ్న జాబితాకెక్కదు. లోక్‌సభలో రోజుకు నోటితో జవాబు చెప్పాల్సిన 20 స్టార్డ్ ప్రశ్నలు పచ్చ కాగితం మీద, రాతపూర్వక జవాబు సరిపోయే 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు తెల్ల కాగితం మీద అచ్చవుతాయి. ఆ ఇరవైలో నోటితో జవాబు చెప్పే దాకా వచ్చేవి చాలా రోజుల్లో నాలుగో ఐదో. మిగిలినవన్నీ సభ ముందు ఉంచిన కాగితాలే. వాటిని తర్వాత చదివేది ఎవరు? కోర్టులో వకీలు, పరిశోధన చేసుకునే విద్యార్థి, పదేళ్ల తర్వాత మీ కుర్చీలో కూర్చుని పాత ఫైలు తిరగేసే ఇంకో గుమాస్తా. వాళ్లలో ఎవరికీ అడిగినవారి పార్టీతో పని లేదు.

2. సభలో పలికిన అంకెను మళ్లీ వెనక్కి పిలవలేం.

ఈ ఒక్క పాఠం చెప్పి ఊరుకోమన్నా నాకు అభ్యంతరం లేదు. బంగ్లాదేశ్ నుంచి అక్రమంగా వచ్చినవాళ్లెందరు అన్న ప్రశ్న నా కంటే ముందు నుంచీ ఉంది, నా తర్వాతా ఉంటుంది. 1992 ఏప్రిల్‌లో అస్సాం ముఖ్యమంత్రి హితేశ్వర్ సైకియా తమ రాష్ట్రంలో 30 లక్షల మంది ఉన్నారన్నారు. రెండు రోజులకే మాట మార్చారు. 1997 మే 6న హోం మంత్రి ఇంద్రజిత్ గుప్తా పార్లమెంటులో దేశం మొత్తానికి కోటి అన్నారు. 2004 జూలై 14న రాజ్యసభకు సహాయ మంత్రి శ్రీప్రకాశ్ జైస్వాల్ ఇచ్చిన జవాబులో, 2001 డిసెంబరు 31 నాటికి 1,20,53,950 మంది. ఆ చివర ఉన్న 950ని ఒకసారి చూడండి. అస్సాంకు 50 లక్షలు, పశ్చిమ బెంగాల్‌కు 57 లక్షలు అని సున్నాలు బారులు తీర్చిన మొత్తానికి ఒక తోక! ఆ తోక చూస్తే ఎవరో గడప గడపా తిరిగి తలలు లెక్కపెట్టారనిపిస్తుంది. కొద్ది రోజులకే అస్సాం లెక్క ఏ సర్వే మీదా నిలిచినది కాదనీ, ఆ నోటా ఈ నోటా విన్నదనీ మంత్రిగారే చెప్పుకోవలసి వచ్చింది. దిద్దుబాటు ఎంతమందికి గుర్తుంది? 1,20,53,950 మాత్రం వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. 2016 నవంబరులో కిరణ్ రిజిజు అదే రాజ్యసభలో సుమారు 2 కోట్లు అన్నారు. పన్నెండేళ్లలో దాదాపు 80 లక్షలు ఎలా పెరిగాయో, అసలు పెరిగింది మనుషులా అంచనాలా అన్నది ఏ కాగితమూ చెప్పదు.

సభలో అన్న మాట సభలోనే ఉండిపోతే పోనీలే అనుకోవచ్చు. 1997 నాటి ఆ కోటి అస్సాం గవర్నరు 1998లో రాష్ట్రపతికి పంపిన నివేదికలోకి ఎక్కింది. ఆ నివేదిక, 2005 జూలై 12న సుప్రీంకోర్టు అక్రమ వలసదారులను ట్రిబ్యునళ్ల ద్వారా తేల్చే ఐఎండీటీ చట్టాన్ని కొట్టేసినప్పుడు తీర్పులోకి ఎక్కింది. చివరికి నిజంగానే గడప గడపా తిరిగి కాగితాలు చూసిన అస్సాం ఎన్నార్సీ (జాతీయ పౌర పట్టిక) తుది జాబితా 2019 ఆగస్టు 31న వచ్చింది. 3,30,27,661 మంది దరఖాస్తు పెట్టుకుంటే 19,06,657 మంది పేర్లు అందులో లేవు. వాళ్లయినా విదేశీయులని తేలినట్టు కాదు. విదేశీయుల ట్రిబ్యునల్ ముందుకు వెళ్లి నిరూపించుకోవాలి. నిరూపించుకునే బరువు ప్రభుత్వం మీద కాదు, ఆ మనిషి మీదే. 1946 నాటి విదేశీయుల చట్టం అలాగే పెట్టింది, దాని స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టమూ ఆ బరువును అక్కడే ఉంచింది.

సరిహద్దు దాటి ఎవరూ రాలేదని నేనడం లేదు. వచ్చారు, వస్తారు. దొంగచాటుగా వచ్చేవాళ్ల కచ్చితమైన లెక్క తమ దగ్గర లేదని రాసిన జవాబులూ ఎన్నో ఉన్నాయి. వాటిని చూసి పత్రికలు నవ్వాయి, మేమూ లోలోపల సిగ్గుపడ్డాం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే హోం శాఖ ఇచ్చిన జవాబుల్లో నిజాయితీ గలవి అవేననిపిస్తుంది. అంకె ఇవ్వాల్సి వస్తే అది ఎవరు, ఎప్పుడు, ఎలా లెక్కపెట్టారో అదే వాక్యంలో రాయండి. పై అధికారి ఆ ముక్క కొట్టేస్తే, కొట్టేసిన ముసాయిదా ఫైల్లోనే ఉంచండి. నేను ఉంచలేదు.

3. పెరిగిన కేసులన్నీ పెరిగిన నేరాలు కావు.

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో సామూహిక అత్యాచార ఘటన జరిగింది. ఆ ఏడాది దేశంలో నమోదైన అత్యాచారం కేసులు 24,923. మరుసటి ఏడాది 33,707. ఒక్క ఏడాదిలో మగవాళ్లు అంతగా పాడైపోయారా? చట్టం మారింది, పోలీసు స్టేషన్ గుమ్మం తొక్కే ధైర్యం కొంత వచ్చింది, కేసు రాసుకోని ఎస్సై మీదే కేసు పెట్టే సెక్షన్ వచ్చింది. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా అచ్చువేసే "క్రైమ్ ఇన్ ఇండియా" లెక్కపెట్టేది నమోదైన కేసులనే. దానికి తోడు ఒక ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే అన్నిటికన్నా పెద్దదే లెక్కకు వస్తుంది. అత్యాచారం చేసి చంపేస్తే అది అత్యాచారం గడిలో పడదు. ఈ సంగతి ఆ పుస్తకం ముందు పేజీల్లోనే ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ.

నేను రాసిన ముసాయిదాల్లో "గత ఏడాదితో పోలిస్తే తగ్గింది" అన్న వాక్యం చాలాసార్లు దొర్లింది. మంత్రులకు అది ఇష్టం, మాకు తేలిక. ఎక్కడ తగ్గిందో చూసే ఓపిక మాత్రం నాకు ఆలస్యంగా వచ్చింది. కొన్నిచోట్ల తగ్గింది నేరం కాదు, స్టేషన్లో ఫిర్యాదు తీసుకోవడం. కేసులు తక్కువున్న రాష్ట్రాన్ని మెచ్చుకుంటూ, ప్రతి ఫిర్యాదూ రాసుకునే కేరళ లాంటి రాష్ట్రాన్ని వేలెత్తి చూపించే పట్టిక ఒకటి నా చేతుల మీదుగానే సభకు వెళ్లింది. అందులో ఒక్క అంకె తప్పు లేదు. అందుకే దాన్ని దిద్దమని ఎవరూ అడగలేదు.

4. "రాష్ట్రాల పరిధి" అన్న మాట జవాబుకు మొదటి వాక్యమే, చివరిది కాదు.

పోలీసు, శాంతిభద్రతలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. నిజమే. ఆ వాక్యం మాకు కంఠతా వచ్చు, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. దాని తర్వాత కేంద్రం ఏం చేసిందో రాయకపోతే అది తలుపు వేసుకోవడమే.

5. రెండు భయాలను కలిపి కుట్టిన ప్రశ్నకు విప్పి జవాబు చెప్పాలి.

ఇలాంటి ప్రశ్నకు ఒక వరుస ఉంటుంది. (ఎ) దేశంలో అక్రమంగా ఉంటున్న విదేశీయులెందరు? (బి) వాళ్ల వల్ల నేరాలు పెరిగాయన్నది నిజమేనా? (సి) అయితే ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి? మాకు అలవాటైన దారి "(ఎ) నుంచి (సి) వరకు" అని ఒక్క గంపలో పోసేయడం. కంచె పొడవు, గస్తీ, రాష్ట్రాలకు అప్పగించిన అధికారాలు అన్నీ రాసేస్తాం. (బి) ఆ గంపలో అడుగున పడి ఊపిరాడక పోతుంది. మౌనాన్ని జనం అవుననే చదువుకుంటారు.

(బి)కి జవాబు లేక కాదు. విదేశీయుల మీద పెట్టిన కేసులకు "క్రైమ్ ఇన్ ఇండియా"లో విడిగా పట్టిక ఉంది. అందులో పెద్ద వాటా విదేశీయుల చట్టం కింద పెట్టినవి, అంటే పత్రాలు లేనందుకో వీసా గడువు దాటినందుకో. ఇక్కడ ఉండటమే నేరమైనప్పుడు, ఉన్నవాళ్లంతా నేరస్తుల లెక్కలోకే వస్తారు. వీసా తేదీ దాటినవాడూ కత్తి దూసినవాడూ ఒకే మొత్తంలో కూడుకుంటారు. ఆ రెంటినీ విడదీసి రెండు వరుసలు రాయడానికి ఒక పూట పడుతుంది, అంతే. 2025 జూలై, ఆగస్టుల్లో డబ్లిన్‌లో మనవాళ్ల మీద వరసగా దాడులు జరిగి, జాగ్రత్తగా ఉండండని అక్కడి భారత రాయబార కార్యాలయం ప్రకటన ఇచ్చినప్పుడు నాకు ఆ రెండు వరుసలే గుర్తొచ్చాయి. వలస వచ్చినవాడంటే నేరం చేసేవాడేనన్న అనుమానం ఏ దేశంలోనూ ఒక్క రోజులో పుట్టదు. ఏళ్ల తరబడి సగం సగం చెప్పిన జవాబులు దానికి ఎరువు.

6. చీటీ మీద తొందరలో రాసిందే సభలో శాసనం.

స్టార్డ్ ప్రశ్న ఉన్న రోజు మంత్రి ముందు ఒక ప్యాడ్ ఉంటుంది. రాగల సప్లిమెంటరీలన్నీ (అనుబంధ ప్రశ్నలన్నీ) ఊహించి, ట్యాగులు అంటించి, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని కడతాం. సభ్యులు అడిగేది ఎప్పుడూ అందులో లేనిదే! అధికారుల గ్యాలరీలోంచి మేం చీటీ రాసి పంపుతాం. ఒకసారి నిధులెంత, కేసులెన్ని అని ఒకే సప్లిమెంటరీలో అడిగారు. నా చీటీలో రెండు అంకెలూ పక్కపక్కనే రాసి, పైన "గత సంవత్సరం" అని పెట్టాను. నిధులు మార్చితో ముగిసే ఆర్థిక సంవత్సరానివి, కేసులు డిసెంబరుతో ముగిసే క్యాలెండరు సంవత్సరానివి. మంత్రిగారు రెంటినీ కలిపి, ఇంత ఖర్చుపెట్టాం కాబట్టి ఇన్ని తగ్గాయి అనేశారు. తర్వాత సవరణ ప్రకటన సభ ముందు పెట్టాల్సి వచ్చింది. ఆయన నన్ను ఏమీ అనలేదు. తర్వాతి వారం నుంచి చీటీలు ఇంకొకరు రాశారు.

7. "సమాచారం సేకరిస్తున్నాం" అన్నది హామీ.

ఆ వాక్యం రాస్తే పని అయిపోయిందనుకుంటారు కుర్రాళ్లు. ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి లోక్‌సభలో 1953 నుంచి ఉంది. మీరు రాసిన ఆ ముక్కను అది పట్టుకుంటుంది, మూడు నెలల్లో తీర్చమంటుంది. తీరనివి ఏళ్లకేళ్లు పెండింగులో ఉంటాయి. ఈలోగా అడిగిన సభ్యుడు ఓడిపోతాడు, మంత్రి మారతాడు, సెక్షన్ ఆఫీసరు రిటైరవుతాడు.

8. మనవాళ్లు జవాబులో ఉన్న రోజున జవాబు వేరుగా వినిపిస్తుంది.

2019 జనవరిలో అమెరికా అధికారులే వలపన్ని పెట్టిన ఫార్మింగ్టన్ అనే దొంగ విశ్వవిద్యాలయంలో చేరి 129 మంది భారతీయ విద్యార్థులు పట్టుబడ్డారు. వాళ్లలో చాలామంది తెలుగు పిల్లలు. 2025 ఫిబ్రవరి 5న 104 మందితో అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగింది. మర్నాడు విదేశాంగ మంత్రి జైశంకర్ రాజ్యసభలో ప్రకటన చేశారు. తిప్పి పంపడం కొత్త కాదంటూ 2009లో 734 మంది అని మొదలుపెట్టి ఏడాదివారీ లెక్క ఇచ్చారు. సంకెళ్లు వేసే పద్ధతి 2012 నుంచీ ఉందనీ, ఆడవాళ్లకూ పిల్లలకూ వేయరనీ అమెరికా అధికారులు చెప్పారన్నారు.

ఆ సాయంత్రం మా ఊరి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ఆయన మనవడు అక్కడ చదువుకుంటున్నాడు, కాగితాలన్నీ సక్రమమే. "నువ్వు ఇలాంటివి రాసేవాడివి కదా. ఆ లెక్కలో అడ్డదారిన పోయినవాళ్లేనా, మావాడిలా వీసాతో వెళ్లి ఏదో చిన్న పొరపాటుకు దొరికినవాళ్లూ ఉన్నారా?" అని అడిగారు. మంత్రి చదివినవి ఏడాదికి ఇందరు అన్న మొత్తాలే, మీరడిగే గడి అందులో లేదు అన్నాను. "మరి ఆ గడి ఎవరు పెట్టిస్తారు?" అన్నారు. మీ ఎంపీ అడగవచ్చు, పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి అని చెప్పాను. ప్రశ్న ఎలా రాయాలో, ముక్కలన్నీ ఒకే గంపలో పడకుండా ఎలా విడగొట్టాలో అడిగి, ఫోన్ పెట్టకుండానే కాగితం మీద రాసుకున్నారు.