మేనత్త సంగతి కూడా చెప్పండి

"మా అమ్మకి లేదు, అమ్మమ్మకి లేదు. మేనత్తకి వచ్చిందిగానీ అది నాన్న వైపు కదా, నాకేం భయం లేదు." రొమ్ము క్యాన్సర్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ మాట నా చెవిన పడుతూనే ఉంటుంది. బాగా చదువుకున్నవాళ్ళ నోట, పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళ నోట కూడా. చెల్లెళ్ళూ, అది నిజం కాదమ్మా. ఈ ఒక్క అపోహతో ఎంతమంది ఆడపిల్లలు చూపించుకోవాల్సిన వేళకి చూపించుకోకుండా ఉండిపోతున్నారో తలుచుకుంటే మనసు మనసులో ఉండదు. అందుకే ఈసారి మన ముచ్చట్లన్నీ దీని గురించే.

మన ఒంట్లో దాదాపు ప్రతి జన్యువూ జంటగానే ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. వాటిలో బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అని రెండున్నాయి. కణంలో డీఎన్ఏ పోగు తెగినప్పుడు, చిరుగు కనిపించగానే కుట్టు వేసే దర్జీలా దాన్ని సరిచేయడం వీటి పని. పుట్టుకతోనే ఒక ప్రతి పాడై ఉంటే భారమంతా రెండోదాని మీద పడుతుంది. ఏదో ఒక కణంలో ఆ రెండోదీ దెబ్బతిందంటే, తెగిన పోగులు తెగినట్టే ఉండిపోయి క్యాన్సర్‌కి దారి తీయొచ్చు. ఆ పాడైన ప్రతి అమ్మ నుంచి ఎంత సులువుగా వస్తుందో నాన్న నుంచీ అంతే సులువుగా వస్తుంది. అది ఉన్నవాళ్ళ ప్రతి బిడ్డకీ, ఆడైనా మగైనా, సగానికి సగం అవకాశం. నాన్నకి జీవితాంతం ఏ జబ్బూ రాకపోవచ్చు. తన అక్కని బలిగొన్న ఆ లోపమే ఆయనకి తెలియకుండా కూతురికి అంది ఉండొచ్చు. మేనత్త సంగతి ఎందుకు అడగాలో ఇప్పుడు తెలిసింది కదూ?

ఆ లోపం ఉంటే ముప్పు ఎంత? ఈ జన్యు మార్పులున్న దాదాపు 10 వేల మంది స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనం 2017లో వచ్చింది. 80 ఏళ్ళు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం బీఆర్‌సీఏ1 లోపం ఉన్నవాళ్ళలో 72 శాతం, బీఆర్‌సీఏ2 లోపం ఉన్నవాళ్ళలో 69 శాతం అని తేల్చింది. అండాశయ క్యాన్సర్ ముప్పు మొదటిదాంట్లో 44 శాతం, రెండోదాంట్లో 17 శాతం. చదవగానే గుండె దడదడలాడుతుంది, నాకు తెలుసు. వెంటనే ఇంకో మాట కూడా వినండి. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశంలో వచ్చేవి 5 నుంచి 10 శాతమే. మన దేశంలో 2022లో సుమారు 1 లక్షా 92 వేల మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందని అంచనా. వాళ్ళలో ఎక్కువమందికి ఇంట్లో ముందెవరికీ లేదు. కాబట్టి వంశంలో లేదు గనక గడ్డని చూసీ చూడనట్టు వదిలేస్తానంటే కుదరదు.

బీఆర్‌సీఏ1 జాడ తీసిన మహానుభావురాలి కథ మీకు చెప్పకుండా ఉండలేను. మేరీ క్లెయిర్ కింగ్, అమెరికా శాస్త్రవేత్త. 1970ల్లో ఆవిడ వెతుకులాట మొదలుపెట్టినప్పుడు, రొమ్ము క్యాన్సర్ లాంటి జబ్బుకి ఒక్క జన్యువు కారణమవుతుందంటే చాలామంది పెద్దలు నమ్మలేదు. ఇన్ని కారణాలు కలిసి వచ్చే జబ్బు వెనక ఒక్కటే వంశలోపం ఉంటుందా అన్నారు. ఆవిడ కుటుంబాల వెంట పడింది. ఏ ఇంట్లో ఎవరికి వచ్చింది, ఏ వయసులో వచ్చింది, ఎవరు పోయారు, ఎవరు బతికారు అని కూర్చింది. 23 పెద్ద కుటుంబాలు, వాటిలో 146 రొమ్ము క్యాన్సర్ కేసులు. అన్నిటినీ ఒకే రాశిగా పోసి చూస్తే ఏమీ తేలలేదు. చిన్న వయసులోనే జబ్బు వచ్చిన కుటుంబాలను ముందుకు తెచ్చి, వయసు వరసన పేర్చి చూసేసరికి లెక్క తేలింది. 1990లో ఆవిడ చెప్పేసింది, ఆ జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని. ఈ గెలుపులో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఏమిటంటే, ఆ కుటుంబాల ఆడవాళ్ళు రక్తం ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. తల్లుల చావులు, అక్కల ఆపరేషన్లు దాచకుండా చెప్పారు. వయసులు గుర్తు చేసుకుని చెప్పారు. ఆ వయసులు తెలియకపోతే కింగ్ చేతిలో ఏముండేది?

ఆ తర్వాత నడిచిన కథ మాత్రం కడుపు మండిస్తుంది. 1994లో బీఆర్‌సీఏ1ని పట్టుకున్న అమెరికా బృందం వెనక మిరియడ్ జెనెటిక్స్ అనే కంపెనీ ఉంది. మరుసటి ఏడాది బ్రిటన్ శాస్త్రవేత్తలు బీఆర్‌సీఏ2ని పట్టారు. మిరియడ్ ఈ జన్యువుల మీద పేటెంట్లు తీసుకుంది. అమెరికాలో పూర్తి పరీక్ష ఆ ఒక్క కంపెనీయే చేయాలి, అది చెప్పిన ధరే కట్టాలి. ఆ ధర 3 వేల డాలర్లు దాటింది. రెండు రొమ్ముల్లోనూ క్యాన్సర్ వచ్చిన ఒంటరి తల్లి ఒకామె, తన ఇన్సూరెన్స్‌ని కంపెనీ ఒప్పుకోకపోవడంతో పరీక్ష చేయించుకోలేకపోయింది. రిపోర్టు వచ్చాక ఇంకో ల్యాబ్‌లో సరిచూసుకుందామన్నా దారి లేదు. ఆమెలాంటి రోగులూ, డాక్టర్లూ, శాస్త్రవేత్తలూ కలిసి 2009లో కోర్టుకెళ్ళారు. 2013 మే నెలలో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ తన సంగతి పత్రికలో రాసింది. తల్లి 56 ఏళ్ళకే పోయిందనీ, తనకి బీఆర్‌సీఏ1 లోపం ఉందనీ, ముందుజాగ్రత్తగా రెండు రొమ్ములూ తీయించుకున్నాననీ చెప్తూ, ఈ పరీక్ష ధర ఎంతోమంది ఆడవాళ్ళకి అడ్డుగోడగా ఉందని కూడా రాసింది. నెల తిరిగేసరికి, జూన్ 13న అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలంతా ఏకగ్రీవంగా తేల్చారు: ప్రకృతిలో ఉన్న జన్యువు మీద ఎవరికీ పేటెంట్ హక్కు లేదు. ఆ రోజే వేరే ల్యాబ్‌లు మేమూ పరీక్ష చేస్తామని ముందుకొచ్చాయి. ధరలు దిగాయి.

మన దగ్గర కూడా ఇప్పుడు రక్తమో ఉమ్మో ఇస్తే, ఈ రెండు జన్యువులతో పాటు పాల్‌బీ2, టీపీ53 లాంటివి మరికొన్ని కలిపి చూసి చెప్తున్నారు. ఖర్చు వేలల్లో ఉంటుంది. కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్ళగలిగేవాళ్ళకి అది పెద్ద లెక్క కాకపోవచ్చు. మిషన్ కుట్టుకునే అమ్మాయికి, అంగన్వాడీ ఆయాకి అది చాలా పెద్ద లెక్క. బ్రిటన్‌లో కుటుంబ చరిత్ర గట్టిగా ఉన్నవాళ్ళకి సర్కారీ వైద్యంలోనే ఈ పరీక్ష ఉచితంగా చేస్తారు. మన సర్కారు ఆసుపత్రికి వచ్చే పేదింటి ఆడపడుచుకీ, డాక్టర్ అవసరమన్నప్పుడు, చేతి నుంచి పైసా పెట్టకుండా జరగాలి. ఇది దయాధర్మం కాదు, వైద్యంలో భాగం. ఎందుకంటే ఈ రిపోర్టుని బట్టి మందు మారుతుంది. ఒలాపరిబ్ అనే మాత్ర ఈ జన్యు లోపం ఉన్న క్యాన్సర్ల మీద బాగా పనిచేస్తుంది. అండాశయ క్యాన్సర్‌కి 2014లో, రొమ్ము క్యాన్సర్‌కి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇంకో కిటుకు. ఇంట్లో ఒకరికి జబ్బు వస్తే, ఆరోగ్యంగా ఉన్న కూతుళ్ళు ముందు పరుగెత్తి పరీక్ష చేయించుకుంటారు. వీలైతే ముందు చేయాల్సింది జబ్బు వచ్చినావిడకే. ఆమెలో ఫలానా చోట లోపం ఉందని తేలితే, మిగతా వాళ్ళకి ఆ ఒక్క చోటు చూస్తే చాలు. ఖర్చు బాగా తగ్గుతుంది, జవాబు సూటిగా వస్తుంది. లేదని వస్తే ఆ అమ్మాయికి ఆ లోపం తాలూకు ముప్పు లేనట్టే.

మా పిన్ని కూతురికి 38 ఏళ్ళకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి తోడు వెళ్ళాను. ఆవిడ కంప్యూటర్ వైపు కూడా చూడకుండా తెల్లకాగితం తీసింది. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా. జబ్బు వచ్చినవాళ్ళ గుర్తు లోపల నల్లగా నింపుతారు, పోయినవాళ్ళ గుర్తు మీద అడ్డగీత గీస్తారు. మూడు తరాలు రాయాలి. పిన్ని వైపు అంతా చకచకా అయిపోయింది. బాబాయి వంతు వచ్చింది.

"మీ అమ్మగారు ఎలా పోయారండీ?"

"కడుపులో నీరు చేరిందన్నారమ్మా. నలభై అయిదేళ్ళు ఉంటాయేమో."

"మీ అక్కచెల్లెళ్ళు?"

"బాగానే ఉన్నారు. పెద్దక్కకి అప్పుడెప్పుడో ఆపరేషన్ అయింది."

"ఏం ఆపరేషన్?"

బాబాయి జవాబు చెప్పలేదు. చేతిలో ఉన్న ఫైలు తాడు ముడి వేస్తూ విప్పుతూ కూర్చున్నాడు. కాసేపటికి, "రొమ్ము తీసేశారమ్మా. మా చిన్న చెల్లెలికి అప్పుడు సంబంధాలు చూస్తున్నాం. బయటికి పొక్కనివ్వొద్దని మా నాన్న ఒట్టు వేయించుకున్నాడు" అన్నాడు. మా పిన్నికే ఆ సంగతి తెలియదు. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటింది.

కౌన్సెలర్ ఒక సున్నాని నల్లగా నింపింది. నాన్నమ్మ సున్నా పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది. కడుపులో నీరు చేరడానికి కాలేయం జబ్బు మొదలు చాలా కారణాలు ఉంటాయి. అండాశయ క్యాన్సర్ కూడా వాటిలో ఒకటి. మన ముసలివాళ్ళ చావు కబుర్లలో "కడుపు ఉబ్బి పోయింది" అన్నది ఎన్నిసార్లు విని ఉంటాం! ఆ మాట వింటే వయసు ఎంతని అడగండి. డాక్టర్‌కి చెప్పండి.

ఆ కాగితం మీదే ఇంకోటి చూశాను. రక్తసంబంధంలో పెళ్ళయితే మొగుడూపెళ్ళాల మధ్య జంట గీత గీస్తారు. మేనమామని చేసుకున్న బాబాయి చిన్న చెల్లెలికి ఆ గీత పడింది. ఈ జబ్బు రావడానికి మేనరికం కారణం కాదు, ఒక వైపు నుంచి ఒక్క పాడైన ప్రతి వచ్చినా ముప్పే. కానీ మేనరికాల ఇళ్ళల్లో అమ్మవైపు, నాన్నవైపు అని విడదీయడానికి ఉండదు, రెండూ ఒకే ఇల్లు. ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండి, బిడ్డకి రెండు ప్రతులూ పాడైనవే వస్తే, ముఖ్యంగా బీఆర్‌సీఏ2లో, ఫ్యాంకోని అనీమియా అనే చాలా తీవ్రమైన జబ్బు పుట్టుకతో రావొచ్చు. అరుదే, కానీ పెళ్ళి మాటలకి ముందే తెలుసుకోదగ్గ సంగతి.

రిపోర్టు ఎప్పుడూ ఉంది, లేదు అనే రాదు. మార్పు ఒకటి కనిపించింది గానీ అది హాని చేసేదో కాదో ఇంకా తేలలేదు అని కూడా రావొచ్చు. ఆ మాట చూసి కంగారుపడి ఆపరేషన్‌కి పరుగెత్తకండి. చాలా వరకు అవి తర్వాత తర్వాత హాని లేనివిగానే తేలుతుంటాయి. మనవాళ్ళకి ఇలాంటి రిపోర్టులు యూరప్ వాళ్ళకంటే ఎక్కువ వస్తాయి. హైదరాబాద్‌లో ఇచ్చినా డాలస్‌లో ఇచ్చినా అంతే. ఇన్నాళ్ళూ పోల్చి చూసిన జన్యువుల్లో ఎక్కువ భాగం ఆ దేశాల వాళ్ళవి కావడమే కారణం. మన హైదరాబాద్ సీసీఎంబీ కూడా పాలుపంచుకున్న జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10 వేల మంది భారతీయుల జన్యుపటాలు సేకరించింది. ఇలాంటి పని పెరిగేకొద్దీ మన రిపోర్టుల్లో సందిగ్ధం తగ్గుతుంది.

సరే, ఉందని తేలితే? జబ్బు వచ్చేసినట్టు కాదు. పాతికేళ్ళ నుంచే ఏటా రొమ్ము ఎంఆర్ఐ, ముప్ఫై నుంచి దాంతోపాటు మామోగ్రామ్ చేయించుకోమంటారు. అండాశయాలకి మాత్రం ముందుగా పట్టిచ్చే నమ్మకమైన పరీక్ష లేదు. అందుకే పిల్లలు పుట్టాక, బీఆర్‌సీఏ1 అయితే 35 నుంచి 40 ఏళ్ళ మధ్య, అండాశయాలు, నాళాలు తీయించుకోమని సలహా ఇస్తారు. నలభైకి ముందే ముట్లు ఆగిపోవడం అంటే ఆవిరులు, ఎముకల బలం, మొగుడూపెళ్ళాల మధ్య దగ్గరితనం, అన్నిటినీ తాకుతుంది. డాక్టర్ దగ్గర సిగ్గుపడకుండా ఇవన్నీ అడగాలి. రొమ్ములు ముందే తీయించుకుంటే ముప్పు తొంభై శాతానికి పైగా తగ్గుతుంది. చేయించుకోవాలా వద్దా అన్నది ఆ అమ్మాయి నిర్ణయం. అత్తగారిదీ కాదు, ఆడపడుచుదీ కాదు, ఏంజెలీనా జోలీదీ కాదు. పద్దెనిమిది నిండని పిల్లలకి ఈ పరీక్ష చేయించొద్దు. అన్నదమ్ములకి మాత్రం చెప్పండి. బీఆర్‌సీఏ2 లోపం ఉన్న మగవాళ్ళకి ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు ఎక్కువ, రొమ్ము క్యాన్సర్ కూడా రావొచ్చు. అమెరికాలో ఉన్న అమ్మాయిలకి ఒక మాట: అక్కడి 2008 చట్టం వల్ల ఈ రిపోర్టు చూసి ఆరోగ్య బీమా, ఉద్యోగం కాదనడానికి లేదు. జీవిత బీమాకి ఆ రక్షణ లేదు, ముందే చూసుకోండి.

పిల్ల పెళ్ళి ఆగిపోతుందని దాచారు బాబాయి వాళ్ళు. ఆ భయం నాకు అర్థమవుతుంది, ఆ రోజుల్లో వాళ్ళకి చేతనైంది అదే. కానీ ఆనాడు దాచినందువల్ల ఈ పిల్ల ముప్ఫై ఎనిమిదేళ్ళ దాకా ఒక్క మామోగ్రామ్ కూడా చేయించుకోలేదు. బయట చాటక్కర్లేదు. ఇంట్లోవాళ్ళకి, ముఖ్యంగా మీ కూతుళ్ళకీ మేనకోడళ్ళకీ, తెలియాలి.

ఈ వారంలో మీ మేనత్తకో, పెద్దమ్మకో, నాన్నకో ఒక ఫోన్ చేయండి. రెండు వైపులా ఎవరికి, ఒంట్లో ఎక్కడ, ఏ వయసులో వచ్చిందో అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. యాభై లోపు వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, రెండు రొమ్ముల్లో వచ్చినవాళ్ళు, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్ళు, రొమ్ము క్యాన్సర్ వచ్చిన మగవాళ్ళు, వీళ్ళలో ఒక్కరున్నా ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, "జన్యు పరీక్ష అవసరమా?" అని మీరే నోరు తెరిచి అడగండి.