దారిలో ధైర్యం

కృష్ణా డెల్టాలో చదువుకూ ప్రయాణానికీ విడదీయరాని సంబంధం ఉంది. విజయవాడ చుట్టుపక్కల గ్రామాల విద్యార్థులకు కళాశాల రోజు తరగతి గదిలో మొదలుకాదు; ఊరి బస్సు షెల్టరు దగ్గర మొదలవుతుంది. కంకిపాడు, ఉయ్యూరు, గన్నవరం, మైలవరం, కొండపల్లి వంటి చోట్ల నుండి పల్లెవెలుగు బస్సులు తెల్లవారుతూనే నిండుగా బయలుదేరతాయి. వాటిలో చోటు దొరకనివారు డ్రైవరుకు అటూ ఇటూ కూడా మనుషులు ఇరుక్కుని కూర్చున్న షేర్ ఆటోలను ఆశ్రయిస్తారు. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో దిగి, మళ్ళీ సిటీ బస్సు పట్టుకొని, బందరు రోడ్డు వెంటనో ఏలూరు రోడ్డు వెంటనో కళాశాలకు చేరేసరికి వారు వందలాది అపరిచితులను దాటి వస్తారు. సాయంకాలం అదే దారి. శీతకాలంలో అయితే ఊరి మలుపు దగ్గర దిగేసరికే చీకటి పడుతుంది. కాలువ గట్టు మీద ఇంటి దాకా నడవవలసిన దూరం ఇంకా మిగిలే ఉంటుంది.

ఈ వందలాది అపరిచితుల్లో దాదాపు అందరూ తమ పని మీద తాము పోయేవారే. ఎప్పుడో ఒకరు మాత్రం అలా ఉండరు. రద్దీని సాకుగా చేసుకొని మీద పడేవాడు, రోజూ ఒకే చోట కాచుకొని వెంట నడిచేవాడు, మాటలతో వేధించేవాడు, బెదిరించి డబ్బు గుంజుకొనేవాడు ఆ ఒక్కడిలో ఉంటాడు. అలాంటివాడు ఎదురైన సంగతిని చాలామంది బాలికలు ఇంట్లో చెప్పరు. చెబితే కళాశాల మానిపిస్తారేమోనన్న భయమే అందుకు ముఖ్య కారణం. ఆ భయం నిరాధారమైనది కూడా కాదు. తప్పు చేసినవాడు యథేచ్ఛగా రోడ్డు మీద తిరుగుతుండగా, ఏ తప్పూ చేయని అమ్మాయి పుస్తకాలు మూసి ఇంట్లో కూర్చోవలసి వచ్చిన సందర్భాలు మన సమాజంలో కొత్తవి కావు. ఇలా ఆగిపోయిన చదువుల లెక్క ఏ రికార్డులోనూ కనిపించదు. కాబట్టి బహిరంగ స్థలాల్లో భద్రత అన్నది ఒంటికి దెబ్బ తగలకుండా చూసుకొనే ఉపాయం మాత్రమే కాదు. చదువుకొనే హక్కును కాపాడుకొనే ప్రయత్నం కూడా.

2020 ఫిబ్రవరిలో జరిగిన ఒక ఘటన ఈ విషయంలో గమనింపదగినది. ఒక మహిళా ఉద్యోగి విశాఖపట్నం నుండి విజయవాడకు రాత్రి బస్సులో ప్రయాణిస్తున్నారు. తెల్లవారుజామున, బస్సు ఏలూరు ప్రాంతానికి వచ్చిన వేళ, తోటి ప్రయాణికుడొకడు ఆమెతో అసభ్యంగా ప్రవర్తించాడు. బస్సులో అందరూ నిద్రలో ఉన్న సమయం అది. విజయవాడ చేరిన తరువాత చూసుకుందామని ఆమె ఊరుకోలేదు. తన ఫోనులో ఉన్న ‘దిశ’ యాప్ ద్వారా పోలీసులకు అత్యవసర సంకేతం పంపారు. రాష్ట్ర పోలీసు శాఖ ఆ యాప్‌ను అందుబాటులోకి తెచ్చి అప్పటికి వారం రోజులైనా కాలేదు. కొద్ది నిమిషాల్లోనే పోలీసులు కలపర్రు టోల్‌గేటు దగ్గర బస్సును అందుకొని, అతనిని అదుపులోకి తీసుకున్నారు.

ఈ ఘటనను యాప్ విజయంగా పత్రికలు రాశాయి. అది నిజమే గాని, యంత్రం కంటే ముందు పనిచేసింది ఆ మహిళ నిర్ణయం. అతడు ఎవరో, ఎంత చదివాడో, ఏ హోదాలో ఉన్నాడో అని ఆమె తటపటాయించలేదు. పట్టుబడిన వ్యక్తి చదువుకొన్నవాడు, మంచి ఉద్యోగంలో ఉన్నవాడు. ప్రమాదకారి అంటే ఎర్రని కళ్ళు, చిందరవందర జుట్టు ఉన్నవాడని సినిమాలు నేర్పిన పాఠం ఎంత తప్పో దీనివల్ల తెలుస్తుంది. మనిషి వాలకాన్ని కాక ప్రవర్తనను గమనించాలి.

వేధించేవాడు సాధారణంగా ఒక్కసారిగా తెగించడు. మొదట పరీక్షించి చూస్తాడు. ఖాళీ సీట్లు ఎన్నో ఉన్నా పక్కనే వచ్చి కూర్చుంటాడు. మోచేయి తగిలించి ఊరుకుంటాడు. ఎదురుగా నిలబడి అక్కరలేని ప్రశ్నలు వేస్తాడు. అవతలివారు ముడుచుకుపోతే మరో అడుగు వేస్తాడు. మౌనం అర్ధాంగీకారమన్న సామెతను ఇలాంటివారు తమకు అనుకూలంగా వాడుకుంటారు. డెల్టా రైతుకు ఒక సంగతి బాగా తెలుసు: కాలువ గట్టుకు గండి పడకముందు సన్నని ఊట కనిపిస్తుంది. ఆ ఊట దగ్గరే పార మట్టి వేసినవాడికి గండి పూడ్చే పని ఉండదు. వేధింపు విషయంలోనూ తొలి నిమిషంలో పలికిన ఒక్క గట్టి మాట చాలా పని చేస్తుంది. “చెయ్యి తీయండి”, “దూరంగా జరగండి” అని పదిమందికీ వినబడేలా, స్పష్టంగా చెప్పాలి. క్షమాపణ అడుగుతున్నట్లు చెప్పకూడదు, నవ్వుతూ చెప్పకూడదు, వాదనకు దిగకూడదు. చెప్పి వెంటనే సీటు మారడమో, కండక్టరు దగ్గరకు వెళ్ళడమో చేయాలి.

పదిమందీ ఉన్నారు కదా, ఎవరో ఒకరు ఆదుకుంటారని అనుకోవడం సహజం. అయితే జనం ఎక్కువగా ఉన్నంత మాత్రాన సహాయం ఎక్కువగా అందదు. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు న్యూయార్క్‌లో విద్యార్థులపై జరిపిన ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. వేర్వేరు గదుల్లో కూర్చున్న విద్యార్థులు మైకుల ద్వారా మాట్లాడుకుంటుండగా, అందులో ఒకరికి మూర్ఛ వచ్చినట్లు గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు వింటున్నది తామొక్కరమే అనుకున్నవారిలో నూటికి 85 మంది, ఆ మూర్ఛ ముగిసేలోపే లేచి విషయం తెలియజేశారు. తమతో పాటు మరో నలుగురు కూడా వింటున్నారని నమ్మినవారిలో అలా లేచినవారు నూటికి 31 మంది మాత్రమే. వారు రాతిగుండెల మనుషులు కారు. లేవనివారిలో చాలామంది చేతులు వణుకుతూ కంగారుగా ఉన్నారు. బాధ్యత అందరిదీ అయినప్పుడు అది ఎవరిదీ కాకుండా పోతుందన్నది ఆ పరిశోధకులు తేల్చిన విషయం.

దీనినుండి ఆపదలో ఉన్నవారికి ఉపయోగపడే కిటుకు ఒకటి లభిస్తుంది. “ఎవరైనా రండి” అని గాలిలోకి కేక వేయడం కంటే ఒక మనిషిని ఎంచుకొని పిలవడం మేలు. “నీలం చొక్కా అన్నయ్యా, ఇతను నన్ను వేధిస్తున్నాడు, కండక్టరును పిలవండి” అనవచ్చు. “అమ్మా, మీ పక్కన కూర్చోనివ్వండి” అనవచ్చు. బస్సులో అపరిచితులను కూడా అన్నయ్యా, అక్కా, బాబాయ్, పెద్దమ్మా అని పిలిచే అలవాటు తెలుగువారికి ఎలాగూ ఉంది. అలా పిలిపించుకొన్న మనిషి ఇక గుంపులో ఒకడుగా ఉండలేడు. ఒకరు కదిలితే మిగిలినవారు కదలడం మన బస్సుల్లో రోజూ చూసేదే. వేధింపును చూసి కలగజేసుకోదలచినవారు కూడా తగవుకే దిగనవసరం లేదు. బాధితురాలి దగ్గరకు వెళ్ళి తెలిసినవారివలె “ఏమ్మా, ఇక్కడ ఉన్నావా? ఇటు రా” అని పలకరిస్తే చాలు.

ఇది మంచితనానికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు. 2012 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దీనిని బాధ్యతగా పేర్కొన్నది. తమిళనాడులో బస్టాండు దగ్గర, భర్తతో కలిసి బస్సు కోసం ఎదురుచూస్తున్న మహిళను ఒకడు వేధించిన ఉదంతం నుండి ఆ వ్యాజ్యం పుట్టింది. వేధించినవాడు పోలీసు శాఖ ఉద్యోగే కావడం విచారకరం. బస్‌స్టాండ్లు, రైల్వేస్టేషన్లు, సినిమా హాళ్ళు, ప్రార్థనా స్థలాల వద్ద మామూలు దుస్తుల్లో మహిళా పోలీసులను ఉంచాలని, ముఖ్యమైన చోట్ల సీసీ కెమెరాలు అమర్చాలని కోర్టు ఆదేశించింది. ప్రయాణంలో వేధింపు జరిగిందని ఫిర్యాదు వస్తే బస్సు సిబ్బంది ఆ వాహనాన్ని సమీప పోలీసుస్టేషనుకు తీసుకువెళ్ళాలని, అలా చేయకపోతే పర్మిట్ రద్దుకు దారితీయవచ్చని చెప్పింది. చూసిన బాటసారులు కూడా పోలీసులకు తెలియజేయాలన్నది. ఈ సంగతి తెలిసిన ప్రయాణికురాలు కండక్టరును బతిమాలనవసరం లేదు; అడగవచ్చు.

నడిచి వెళ్ళేటప్పుడు ఎవరో వెంట వస్తున్నారన్న అనుమానం కలిగితే దానిని కొట్టిపారేయకూడదు. రోడ్డు దాటి అవతలి వైపు నడిస్తే అనుమానం నిజమో కాదో తేలిపోతుంది. నిజమైతే ఇంటివైపు వెళ్ళకుండా, వెలుతురున్న కిరాణా కొట్టులోకో, మందుల షాపులోకో, గుడిలోకో వెళ్ళి అక్కడి నుండి ఇంటికి ఫోను చేయాలి. వెంటపడేవాడికి ఇల్లు చూపించడం కంటే పావుగంట ఆలస్యంగా చేరడం నయం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని నడిచేవారికి వెనుక అడుగుల చప్పుడు వినబడదు. ఆటో ఎక్కేముందు నంబరు చూసి ఇంట్లోవారికి సందేశం పంపాలి. ఆ మాట డ్రైవరుకు వినబడేలా ఫోనులో చెబితే మరీ మంచిది. దారి మారినట్లు తోస్తే జనం ఉన్నచోట ఆపించి దిగిపోవాలి.

బెదిరింపు అబ్బాయిలకూ ఎదురవుతుంది. విజయవాడలో ‘బ్లేడ్ బ్యాచ్’ అన్న మాట తెలియనివారు తక్కువ. మత్తుకు అలవాటుపడి, ఒంటరిగా దొరికినవారిని బ్లేడుతో బెదిరించి దోచుకొనే ముఠాలకు అది జనం పెట్టిన పేరు. అడిగేది ఫోనో, డబ్బో అయినప్పుడు ఇచ్చివేయాలి. పౌరుషం ప్రదర్శించవలసిన సమయం అది కాదు. పర్సును కాస్త దూరంగా విసిరి, వాడు అటు తిరిగేలోపు మరోవైపు పరుగెత్తడం అనుభవజ్ఞులు చెప్పే ఉపాయం. అయితే వాడు కోరేది వస్తువు కాక మనిషే అయితే, బలవంతంగా మరోచోటికి తీసుకుపోవాలని చూస్తే, ఉన్నచోటనే అరిచి, పెనుగులాడి, తప్పించుకోవడానికి సర్వశక్తులూ ఒడ్డాలి. ఆ ప్రయత్నాన్ని చట్టం కూడా సమర్థిస్తుంది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును వివరిస్తాయి. రక్షణకు అవసరమైనంత మేరకే ఎదుటివారికి హాని చేయాలన్నది అందులోని నియమం.

ఒంటరిగా వెళ్ళవద్దు, మగతోడు ఉండాలి అన్నది పెద్దలు తరచు చెప్పే జాగ్రత్త. 2021 జూన్‌లో తాడేపల్లి సమీపాన సీతానగరం పుష్కర ఘాట్ వద్ద ఒక యువతిపై అఘాయిత్యం జరిగినప్పుడు ఆమెకు కాబోయే భర్త పక్కనే ఉన్నాడు. దుండగులు ఇద్దరు అతనిని కట్టివేశారు. వారిరువురూ నది ఒడ్డున కూర్చోవడం తప్పు కానే కాదు. ప్రకాశం బ్యారేజీ కనుచూపు మేరలో ఉన్న ఆ తీరంలో రాత్రివేళ తగిన వెలుతురు, గస్తీ ఉండేలా చూడవలసిన పని ఎవరిదన్న ప్రశ్నే అప్పుడు ముందుకు రావలసింది. తోడు మనిషి వెలుతురుకు, పదిమంది మసలే చోటుకు ప్రత్యామ్నాయం కాడు.

చట్టం గురించి విద్యార్థులు తెలుసుకోవలసిన మరికొన్ని సంగతులున్నాయి. స్త్రీ తన అనిష్టాన్ని స్పష్టం చేసినా పురుషుడు పదే పదే వెంటపడి మాట కలపడానికి ప్రయత్నిస్తే, న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం అది నేరం. మొదటిసారి 3 సంవత్సరాల వరకు, మళ్ళీ చేస్తే 5 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు. “నా వెంట రావద్దు” అని తొలిరోజే గట్టిగా చెప్పడానికి ఈ విధంగా కూడా విలువ ఉంది. ఇంటర్మీడియట్ విద్యార్థుల్లో ఎక్కువమంది 18 ఏళ్ళ లోపు వారే కనుక బాలబాలికలిద్దరికీ 2012 నాటి పోక్సో చట్టం రక్షణ వర్తిస్తుంది. ఆ చట్టం కింద బాధితుల పేర్లు బయటపెట్టకూడదు. ఘటన ఏ స్టేషను పరిధిలో జరిగినా, దగ్గరలో ఉన్న ఏ స్టేషనులోనైనా ‘జీరో ఎఫ్.ఐ.ఆర్.’గా ఫిర్యాదు ఇవ్వవచ్చు. గన్నవరం దగ్గర బస్సులో జరిగినదానికి విజయవాడలో దిగి ఫిర్యాదు చేస్తే తీసుకోవలసిందే.

అత్యవసర సహాయానికి 112, మహిళలకు 181, బాలలకు 1098, రైలు ప్రయాణికులకు 139 నంబర్లు ఉన్నాయి. ‘దిశ’ యాప్ స్థానంలో రాష్ట్ర ప్రభుత్వం 2025 మార్చిలో ‘శక్తి’ యాప్‌ను ప్రవేశపెట్టింది. యాప్‌ల పేర్లు మారవచ్చు గాని 112 దేశమంతటా ఒకటే.

అపరిచితుల గురించి ఇంత చెప్పుకున్నా, ఒక సంగతిని విస్మరించకూడదు. దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవారే. “చెయ్యి తీయండి” అన్న మాట బంధువుతోనూ, పొరుగువానితోనూ అనవలసి రావచ్చు.

ఇక ఇంట్లో పెద్దల సంగతి. కూతురు జరిగినది చెప్పగానే “నువ్వు అటు ఎందుకు వెళ్ళావు?” అని అడిగే తల్లిదండ్రులు మరొకసారి ఆమె నోట ఏదీ వినలేరు. “ఏ బస్సు? ఎన్ని గంటలకు? పక్కన ఎవరున్నారు?” అని అడిగితే ఫిర్యాదుకు కావలసిన వివరాలే లభిస్తాయి. అదే దారిలో వచ్చే విద్యార్థులు నలుగురు కలిసి ఒకే బస్సుకు రావచ్చు, ప్రిన్సిపాలుకు చెప్పవచ్చు, డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వవచ్చు. అర్జీలో తేదీ, సమయం, బస్సు నంబరు తప్పక రాయాలి. అందుకు ఆధారంగా పనికివస్తుంది కనుక, ఆనాటి టికెట్టును పారవేయకుండా నోటుపుస్తకంలో దాచి ఉంచడం మంచిది.