ఆ అమ్మాయి ముఖం చూపొద్దు

ప్రశ్న: మా ఎనిమిదో తరగతి పిల్లలు బాలల హక్కులపై ఫోన్‌తో చిన్న సినిమా తీస్తున్నారు. బడి మానేసి పత్తి చేలకు వెళ్తున్న తోటి అమ్మాయితోనే మాట్లాడిస్తామంటున్నారు. సరేననవచ్చా?
– ఓ టీచర్, నల్గొండ జిల్లా

జవాబు: వద్దు టీచర్‌గారూ. పిల్లల ఉద్దేశం మంచిదే. కానీ వీడియో ఒకసారి వాట్సాప్‌లోకి వెళ్తే వెనక్కి తేలేం. ఊళ్లో మాటలు పడేది ఆ పిల్లే. రక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, చివరికి బడి పేరు కూడా బయటపెట్టకూడదని 2015 జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. కథ మార్చి రాయించండి, పాత్ర మరొకరు వేయాలి. పత్తి డొప్పలు గీరుకున్న వేళ్లు, నోట్‌బుక్‌లో ఆగిపోయిన తేదీ... ఈ రెండు షాట్లు చాలు. నటించే పిల్లల తల్లిదండ్రుల అనుమతి కాగితం మీద తీసుకోండి. ఆ అమ్మాయిని బడికి రప్పించే పనిని మాత్రం సినిమా అయ్యేదాకా వాయిదా వేయొద్దు. పెళ్లి మాట వినిపించినా, కొడుతున్నారని తెలిసినా వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.