బండి దీపములను మార్చుట మేలా?

ఏర్పేడు మీదుగా రాత్రివేళ తిరుపతికిని, శ్రీకాళహస్తికిని బండ్లు నడపు సభ్యులకు మా మనవి. వెలుతురు హెచ్చినచో భయము తగ్గునని కొందఱు ట్రాక్టర్లకు హాలోజెన్ బల్బులు తీసి ఎల్.ఇ.డి. బల్బులు వేయించుచున్నారు. ఇది మేలు కాదు. హాలోజెన్ బల్బులోని తీగ యుండు చోటును బట్టియే దీపపు గిన్నె తీర్చబడినది. వేఱు బల్బు పెట్టినచో వెలుగు చెదరి ఎదుటివాని కన్నులలో బడును. అట్టివానికి బాట ప్రక్క నడచు కూలివాడు గాని, దీపము లేని ఎడ్లబండి గాని కానరాదు. 60 వాట్ల బల్బునకు బదులు 100 వాట్లది వేసినచో తీగలు వేడెక్కి కాలుటయు గలదు.

చట్టము ననుమతింపని మార్పు చేసిన యజమానికి, 1988 మోటారు వాహనముల చట్టమునకు 2019లో వచ్చిన సవరణ ప్రకారము, ఆఱు నెలల వఱకు ఖైదు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

కావున దీపపు అద్దము తుడిచి, వంపు సరిచేయించుడు. ఎదురు బండి కానవచ్చినంతనే వెలుగు దించుడు. ట్రెయిలరు వెనుక ఎఱ్ఱని రిఫ్లెక్టర్లు అమర్చుడు.