గది చిన్నదైతే ఏం తీసెయ్యాలి? ఒనోమిచి ఊరు నేర్పిన పాఠం

మా నాన్నకి కాకినాడలో ఒక లాడ్జి ఉంది. మొత్తం 14 గదులు. ఈసారి సెలవులకి ఇంటికెళ్తే నాన్న ఒక కాగితం నా ముందు పెట్టారు. కాంట్రాక్టర్ గీసిన ప్లాన్ అది. గదుల మధ్యలో గోడలు లేపి, వెనక వసారాని కూడా కలిపేసుకుంటే 14 గదులు 22 అవుతాయట. "నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావు కదమ్మా, చూసి చెప్పు" అన్నారు. కంప్యూటర్ సైన్సులో గోడల గురించి ఏమీ చెప్పరు నాన్నా అన్నా వినలేదు.

సరే అని, చిన్న గదులతో మంచి పేరు తెచ్చుకున్న హోటళ్ళు ఎక్కడున్నాయో వెతకడం మొదలుపెట్టా. అలా వెతుకుతూ జపాన్‌లో ఒనోమిచి అనే చిన్న రేవు పట్నం దగ్గర ఆగిపోయా. ఒకే ఊళ్ళో మూడు రకాల చిన్న బసలు ఉన్నాయి, మూడూ పాత కట్టడాల్లోనే. నేను అక్కడికి వెళ్ళలేదు. ప్లాన్లు, ఫొటోలు, వీడియోలు చూసి నేర్చుకున్నది మీతో పంచుకుంటున్నా.

ముందు రెండు మాటలకి అర్థం

బొటిక్ అంటే ఫ్రెంచిలో చిన్న దుకాణం. మనకి డిజైనర్ బ్లౌజులు కుట్టే బొటిక్కులు తెలుసు. హోటళ్ళకి ఈ పేరు 1980ల్లో అంటుకుంది. 1984లో ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రుబెల్ న్యూయార్క్‌లో 'మోర్గన్స్' అనే హోటల్ తెరిచారు. ఆంద్రే పుట్మన్ అనే ఫ్రెంచి డిజైనర్ లోపలంతా రూపొందించారు. పెద్ద చెయిన్ హోటల్ సూపర్ మార్కెట్ లాంటిదైతే, ఇది ఒకే రకం సరుకు శ్రద్ధగా అమ్మే కొట్టు లాంటిదన్నమాట. గదులు తక్కువ, ప్రతిదాని వెనకా ఒక ఆలోచన.

ఇక రెండో మాట కాంపాక్ట్. చిన్నది అంటే సరిపోదు. కుదించినది అనాలి. కుదించడం అంటే మన సీఎస్ఈ వాళ్ళకి వెంటనే గుర్తొచ్చేది కంప్రెషన్. జిప్ ఫైల్ ఏమీ పారెయ్యదు, విప్పితే అంతా తిరిగొస్తుంది. జేపెగ్ మాత్రం కొంత సమాచారాన్ని శాశ్వతంగా పారేస్తుంది. అయినా ఫొటో బాగానే కనిపిస్తుంది. ఎందుకంటే మన కన్ను వెలుతురులో తేడాని పట్టుకున్నంతగా రంగులో చిన్న తేడాని పట్టుకోదు. జేపెగ్ తయారు చేసినవాళ్ళు ఆ సంగతి తెలుసుకుని, ముందు రంగు వివరాల మీద చెయ్యి వేశారు. అంటే ఏం పారెయ్యాలో తేల్చింది ఫైలు సైజు కాదు, చూసే కన్ను.

గది కూడా జేపెగ్ లాంటిదే. గోడ కట్టాక పోయిన చోటు తిరిగి రాదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న 'ఎంత తగ్గించొచ్చు' కాదు. 'ఇక్కడ పడుకునేది ఎవరు, వాళ్ళకి ఏది పోతే తెలియదు, ఏది పోతే తెలుస్తుంది' అన్నది.

జపాన్ వాళ్ళకి ఈ లెక్క పాతదే. గదిని తతామి చాపలతో కొలుస్తారు. ఒక చాప సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పు, 180 పొడవు. సంప్రదాయమైన టీ గది నాలుగున్నర చాపలు. అంటే దాదాపు తొమ్మిదడుగుల చదరం. మా కాంట్రాక్టర్ గీసిన గది పదీ ఎనిమిదీ. వైశాల్యం దాదాపు అంతే! కాబట్టి చిన్నగా ఉండటమే తప్పని నేను నాన్నకి చెప్పలేను.

ఊరు ఎలాంటిదంటే

ఒనోమిచి హిరోషిమా రాష్ట్రంలో, సెతో లోపలి సముద్రం ఒడ్డున ఉంది. జనాభా లక్షకి పైనే. 12వ శతాబ్దం నుంచి రేవు. ఎదురుగా ముకాయిషిమా దీవి, మధ్యలో నది అంత సన్నటి సముద్రపు పాయ. పడవెక్కితే కొద్ది నిమిషాల్లో అవతలి ఒడ్డు. వెనక్కి తిరిగితే కొండ, దాని మీద గుళ్ళు, మెట్ల దారులు, ఇళ్ళు. యసుజిరో ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' (1953) మొదలయ్యేదీ ముగిసేదీ ఇక్కడే. ఆ సినిమాలో పిల్లలు పట్నాలకి వెళ్ళిపోతారు, ముసలి తల్లిదండ్రులు ఈ ఊళ్ళో ఉంటారు. తర్వాత ఊరికి జరిగింది కూడా అదే. కార్లు వెళ్ళలేని ఆ కొండ వాలులో ఒక్కో ఇల్లూ ఖాళీ అవుతూ వచ్చింది.

1999లో షిమానామి కైదో పూర్తయింది. ఒనోమిచి నుంచి ఆరు దీవుల మీదుగా షికోకు దీవిలోని ఇమాబరి వరకూ వంతెనలు, సైకిల్ మీద సుమారు 70 కిలోమీటర్లు. దారిలో వచ్చే తతారా వంతెన మధ్య భాగం 890 మీటర్లు. కట్టినప్పుడు కేబుల్-స్టేడ్ వంతెనల్లో ప్రపంచంలోకెల్లా పొడవైనది అదే. సైకిల్ తొక్కేవాళ్ళు రావడం మొదలైంది. కానీ రైలు దిగి నేరుగా సైకిలెక్కి వెళ్ళిపోతే ఊరికి మిగిలేదేముంది? రాత్రి ఉంటేనే ఊళ్ళో భోజనం చేస్తారు, పొద్దున్న రొట్టె కొంటారు. అందుకే ఇక్కడ హోటల్ అంటే ఊరికి ఆధారం.

ఒకటి: సైకిల్‌కి కూడా గదిలో చోటు

రేవు గట్టున 1943లో కట్టిన సరుకుల గోడౌన్ ఒకటి ఉండేది. ప్రభుత్వ లెక్కల్లో అది రెండో నంబరు షెడ్డు. షెడ్డుకి జపనీస్ మాట 'ఉవాయా'. అందులో మొదటి అక్షరం, నంబరు కలిపి 'ఒనోమిచి యూ2' అయింది. 2014లో దాన్ని హోటల్‌గా మార్చారు. డిజైన్ చేసింది హిరోషిమాలోనే మొదలైన సపోజ్ డిజైన్ ఆఫీస్, అంటే మకోతో తనిజిరి, ఐ యోషిదా.

అంత పెద్ద గోడౌన్‌లో గదులు ఎన్నో తెలుసా? 28 మాత్రమే. మిగతా చోటంతా రెస్టారెంటు, బేకరీ, కేఫే, బార్, సైకిల్ షాపు. పాత గోడలు, కప్పు అలాగే ఉంచి, లోపల చిన్న వీధిలా కట్టారు. గదులు ఆడంబరంగా ఉండవు. కానీ సైకిల్‌తోనే చెక్ ఇన్ చెయ్యొచ్చు, దాన్ని గదిలోకి తీసుకెళ్ళి గోడకి తగిలించొచ్చు. లక్షల ఖరీదు చేసే సైకిల్ బయట పెట్టి నిద్రపోవడం ఎంత కష్టమో ఆ సైకిలిస్టుకే తెలుసు. వాడికి పెద్ద సోఫా లేకపోయినా పర్లేదు, ఆ కొక్కెం లేకపోతే మాత్రం తెలుస్తుంది. ఈ హోటల్‌ని నాకు అర్థమయ్యేలా చేసింది ఆ ఒక్క కొక్కెం.

రెండు: ఈల్ చేప పడక

పాతకాలం జపాన్ పట్నాల్లో ఇళ్ళకి వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. అలాంటి ఇంటిని 'ఉనగి నో నెదొకో' అని వెక్కిరిస్తారు, అంటే ఈల్ చేప పడక. ఉనగి మంచినీళ్ళ ఈల్, అనగో సముద్రపు ఈల్. ఒనోమిచి సముద్రపు ఊరు కదా, అందుకని బజారు వీధిలో అలాంటి ఒక పాత ఇంట్లో 2012లో తెరిచిన గెస్ట్ హౌస్‌కి 'అనగో నో నెదొకో' అని పేరు పెట్టారు.

దీన్ని నడిపేది హోటల్ కంపెనీ కాదు. ఖాళీ ఇళ్ళని బాగుచేసి మనుషుల్ని తిరిగి తేవడానికి 2007లో మొదలైన ఒనోమిచి అకియా సైసెయ్ ప్రాజెక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ. అకియా అంటే ఖాళీ ఇల్లు. ఇక్కడ మీకు దొరికేది ఒక మంచం పట్టేంత చోటు, అంతే. మరి కూర్చోవడానికి? వీధి వైపు కేఫే ఉంది, అందరూ కలిసి వాడుకునే గదులున్నాయి. తక్కువ డబ్బులతో తిరిగే కుర్రాళ్ళకి సొంత గది పోయినా బాధ లేదు, మాట్లాడే మనుషులు దొరికితే చాలు.

మూడు: కొండ మీద ఆరు గదులు

మూడోది చూసి నేను ఆశ్చర్యపోయా, ఎందుకంటే దాన్ని డిజైన్ చేసింది మన దేశం ఆయనే. ముంబైకి చెందిన బిజోయ్ జైన్, ఆయన స్టూడియో ముంబై. సెంకోజి గుడికి వెళ్ళే మెట్ల దారిలో 1963 నాటి పాత అపార్ట్‌మెంట్ ఒకటి ఉంది. దాన్ని 2018లో 'లాగ్' అనే హోటల్‌గా తెరిచారు. కారు అక్కడిదాకా వెళ్ళదు. అతిథీ మెట్లెక్కాలి, సామానూ మెట్లెక్కాలి.

మొత్తం భవనంలో గదులు ఆరే. కింద తోట, కేఫే, భోజనాల గది, గ్రంథాలయం. గదుల్లో గోడలకీ కప్పుకీ నేలకీ కూడా చేతితో చేసిన వాషి కాగితం. వెలుతురు మెత్తగా పరుచుకుంటుంది. అక్కడికొచ్చేవాళ్ళు వెతుక్కునేది నిశ్శబ్దం. అందుకని హడావుడి అనిపించేదంతా తీసేశారు. ఇది చవకైన హోటల్ కాదు, ఆ మాట దాచను. అందరికీ అందే నమూనా అని కూడా అనను.

మూడింటిలో ఒకే సూత్రం

మూడు హోటళ్ళు, ముగ్గురు అతిథులు: సైకిలిస్టు, డబ్బుల్లేని కుర్రాడు, నిశ్శబ్దం కావాల్సినవాడు. ముగ్గురికీ ఇచ్చిన సొంత చోటు తక్కువే. కానీ తీసేసిన చోటుని ఇంకోచోట తిరిగి ఇచ్చారు. గదిలో తగ్గించింది కేఫేలో, తోటలో, కలిసి కూర్చునే గదిలో దొరుకుతుంది. పైగా ఆ చోటు ఊరి వాళ్ళకి కూడా తెరిచి ఉంటుంది. యూ2 బేకరీలో రొట్టె కొనడానికి గది తీసుకోనక్కర్లేదు.

నాకు అర్థమైనంతలో మంచి కుదింపుకి మూడు ప్రశ్నలు:

1. ఇక్కడ పడుకునేది ఎవరు?
2. ఏది లేకపోతే వాళ్ళకి వెంటనే తెలుస్తుంది?
3. తీసుకున్న చోటుని ఎక్కడ తిరిగి ఇస్తున్నాం?

గోడల రంగు, దీపాలు, సోఫా బట్ట అన్నీ ఆ తర్వాతే.

మళ్ళీ మా లాడ్జి

మొదటి ప్రశ్నకి జవాబు కోసం లాడ్జి రిజిస్టర్ తెరిచా. 'వచ్చిన పని' అని ఒక గడి ఉంటుంది. రేవు పని, కంపెనీ పని, పెళ్ళి అని అక్కడక్కడా ఉన్నాయి. కానీ పేజీ తర్వాత పేజీ ఎక్కువగా కనపడింది 'ఆసుపత్రి పని'. జిల్లా ఊళ్ళ నుంచి పేషెంటుతో వచ్చి, మూడు రోజులు, వారం రోజులు ఉండిపోయే వాళ్ళు.

రెండో ప్రశ్న మా రూమ్ బాయ్‌ని అడిగా. పేరుకి బాయ్, వయసు యాభై దాటింది, నేను బాబాయ్ అని పిలుస్తా. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వాళ్ళు గదిలో ఎక్కడుంటారమ్మా, పడుకోడానికే వస్తారు. బట్టలుతుక్కుని వసారాలో ఆరేసుకుంటారు. కేరేజీ కడుక్కుంటారు. రాత్రిళ్ళు అక్కడే కూర్చుని ఒకళ్ళ కష్టం ఒకళ్ళకి చెప్పుకుంటారు" అన్నాడు.

కాంట్రాక్టర్ ప్లాన్‌లో ముందు పోయేది ఆ వసారాయే.

ఆ రాత్రి కాగితం వెనక నేను ఇంకో ప్లాన్ గీశా. గదులు చిన్నవే, 18. సోఫాలు, డ్రెస్సింగ్ టేబుళ్ళు తీసేశా. మంచం పక్కన సంచి పెట్టుకునే అర, గోడకి గట్టి కొక్కేలు. వసారా అలాగే ఉంది, దాంట్లో దండేలు, ఒక సింకు, వేణ్ణీళ్ళ కుళాయి, పొడుగు బల్ల.

నాన్న చాలాసేపు చూశారు. "కొక్కెం కొట్టడానికి జపాన్ దాకా వెళ్ళావా?" అని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, 22 గదులైతే బ్యాంకు వాయిదా తేలిగ్గా కట్టొచ్చని, 18కి కుదురుతుందో లేదో లెక్క రాసి చూపించమన్నారు. ఆయన అడిగింది న్యాయమే. ఒనోమిచిలో కూడా ఎవరో ఒకరు ఆ లెక్క రాసే ఉంటారు. నేను ఇంకా రాస్తున్నా, నెలకి కొంచెం తేడా వస్తోంది.

కాంట్రాక్టర్ మళ్ళీ వచ్చినప్పుడు నాన్న ఇంకా ఏదీ తేల్చి చెప్పలేదట. వసారా చుట్టూ మాత్రం పెన్సిల్‌తో గీత గీసి, "దీని జోలికి ఇప్పుడే వెళ్ళకు" అన్నారట. బాబాయ్ ఫోన్ చేసి చెప్పాడు.

మీకో చిన్న పని. మీ హాస్టల్ గదిని ఒకసారి ఆ మూడు ప్రశ్నలతో చూడండి. మీకేం తేలిందో క్లబ్‌కి రాసి పంపండి, వచ్చే సంచికలో మాట్లాడుకుందాం.