ఉత్తుత్తి గాయాలు, నిజమైన పాఠం



ఒక ఆదివారం పూజ ముగిశాక ఒక పెద్దమ్మగారు నా దగ్గరకు వచ్చి ఇలా వాపోయారు: “ఏమిటండీ ఫాదర్‌గారూ ఈ విడ్డూరం! మా ఆయనకు బి.పి. చూపిద్దామని పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాను. అక్కడ కాలేజీ పిల్లలు ఒంటికి ఎర్ర రంగు పూసుకుని పడుకుంటే, డాక్టర్లంతా వాళ్ల చుట్టూ పరుగులు. మేము రెండు గంటలు బల్ల మీదే కూర్చున్నాం. ఉత్తుత్తి దెబ్బలకేనా వైద్యం? నిజం రోగులకు వద్దా?”

ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఇటువంటి అభ్యాసం పెట్టేవారు ముందుగా ప్రకటించాలి, వచ్చిన రోగులను చూడడానికి వేరుగా మనుషులను ఉంచాలి. అయితే ఆ అభ్యాసమే అనవసరమా? ఈ ప్రశ్నకు జవాబుగా జరిగిన ఒక సంగతి చెబుతాను.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సూ సిటీ అనే పట్టణం ఉంది. 1987లో అక్కడి అత్యవసర సేవలవారు విమానాశ్రయంలో ఒక మాక్ డ్రిల్ జరిపారు. ఆ ఊరికి మామూలుగా రాని పెద్ద విమానం, వాడకంలో లేని రన్‌వే మీద కూలినట్లు ఊహించుకున్నారు. అది ముగిశాక తమ లోపాలను గుర్తించి ప్రణాళికను సవరించుకున్నారు. రానే రాని విమానం కోసం ఇంత హడావుడి ఎందుకని అప్పుడు ఎవరైనా నవ్వి ఉంటే ఆశ్చర్యం లేదు.

1989 జూలై 19న డెన్వర్ నుండి షికాగో వెళుతున్న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232వ నంబరు విమానంలో తోక వైపున్న ఇంజను పగిలింది. విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పనిచేయడం మానేశాయి. కెప్టెన్ ఆల్ హేన్స్, ఆయన తోటివారు మిగిలిన రెండు ఇంజన్ల వేగాన్ని హెచ్చిస్తూ తగ్గిస్తూ దానిని సూ సిటీ వరకు తీసుకురాగలిగారు. ఇంజను పగిలిన 44 నిమిషాలకు అది వాడకంలో లేని రన్‌వే మీదే నేలకు కొట్టుకుని ముక్కలయింది. అందులో ఉన్నవారు 296 మంది. 112 మంది మరణించారు, 184 మంది బతికారు.

ఆ ఊరికి అరగంటకు పైగా వ్యవధి దొరికింది. పట్టణంలోని రెండు పెద్ద ఆసుపత్రులలో అది డ్యూటీ మారే వేళ కనుక రెండు షిఫ్టులవారూ అందుబాటులో ఉన్నారు. ఇది అదృష్టమే. అయితే ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరి మాట వినాలో తెలియనప్పుడు జనం ఎక్కువైతే గందరగోళమూ ఎక్కువవుతుంది. కెప్టెన్ హేన్స్ తరువాతి కాలంలో ఎన్నో సభలలో మాట్లాడుతూ తాము బతకడానికి ఐదు కారణాలు చెప్పేవారు: అదృష్టం, సమాచారం, సన్నద్ధత, ఆచరణ, సహకారం. వీటిలో మొదటిది మన చేతిలో లేదు. తక్కిన నాలుగూ అభ్యాసంతో వచ్చేవే.

ఇంతకూ డ్రిల్లులో వైద్యులు నేర్చుకునేది ఏమిటి? కట్టు కట్టడం, సూదిమందు వేయడం వారికి వచ్చినవే. వారు నేర్చుకోవలసింది వరుస నిర్ణయించడం. మామూలు రోజున ఒక రోగికి ఆసుపత్రిలో ఉన్నదంతా ఇవ్వవచ్చు. ఒకేసారి వందమంది వచ్చిన రోజున అది కుదరదు. గట్టిగా అరిచేవాడు ముందా? ముందు వచ్చినవాడు ముందా? పలుకుబడి ఉన్నవాడు ముందా? నెపోలియన్ సైన్యంలో వైద్యుడైన లారే రెండు శతాబ్దాల క్రితమే దీనికి జవాబిచ్చాడు: హోదా చూడవద్దు, గాయం తీవ్రత చూడండి అన్నాడు.

1983లో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో ఇందుకు ఒక సులభ పద్ధతి రూపొందింది. నడవగలిగినవారిని ముందు పక్కకు రమ్మంటారు, వారికి ఆకుపచ్చ చీటీ. మిగిలినవారి దగ్గరకు వెళ్లి ఊపిరి, నాడి, చెప్పిన మాట వినే స్థితి చూస్తారు. నిమిషానికి 30 సార్లకు మించి ఊపిరి తీస్తుంటే ఎర్ర చీటీ. ఆగగలిగినవారికి పసుపు. శ్వాసమార్గం తెరిచినా ఊపిరి రానివారికి నలుపు. ఒక్కొక్కరికి పట్టే సమయం ఒక నిమిషం లోపే.

ఆ నల్ల చీటీ కట్టడం ఏ వైద్యుడికైనా ఎంత బరువో ఆలోచించండి. ఆ మనిషి విలువ తక్కువని దాని అర్థం కాదు. అక్కడే ఆగిపోతే, రక్షించగలిగిన మరొకరు పోతారని అర్థం. ఇంత కఠినమైన నిర్ణయాన్ని రక్తం, ఏడుపుల మధ్య జీవితంలో మొదటిసారి తీసుకోమనడం వైద్యుడికీ అన్యాయం, రోగికీ అన్యాయం. అందుకే రంగు పూసుకున్న పిల్లల మీద ముందు తప్పులు చేయనివ్వాలి. ఉత్తుత్తి తప్పును దిద్దుకోవచ్చు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వితే ఏం లాభం?

కుటుంబాలుగా మన వంతు కూడా ఉంది. ప్రమాదం జరిగినప్పుడు చిన్న దెబ్బలవారు దొరికిన బండి ఎక్కి దగ్గరి ఆసుపత్రికి ముందుగా చేరుకుంటారు. వెనుక స్ట్రెచర్ మీద వచ్చేవారికి చోటు ఉండదు. చూడవచ్చిన జనంతో గుమ్మం నిండితే అంబులెన్సు లోపలికి రాలేదు. కనుక పిలవనిదే గుంపుగా పోవద్దు. రక్తం కావాలని అడిగినప్పుడు వెనుదీయవద్దు. మీవాడికంటే ముందు మరొకరిని లోపలికి తీసుకువెళితే, కారణం తెలుసుకోకుండా వైద్యుల మీదికి వెళ్లవద్దు.

ఆ పెద్దమ్మగారికి ఇదంతా చెప్పాను. కొంతసేపు ఆలోచించి, “అయితే ఈసారి మా మనవణ్ణి కూడా పంపుతాను ఫాదర్‌గారూ, రంగు పూయించుకోవడానికి. కానీ మా ఆయన మందుల సంగతి కూడా వాళ్లు చూడాలి” అన్నారు. రెండూ సరైన మాటలే.

ఇంట్లో అందరూ కలిసి ఆలోచించడానికి:
1. మీ ఇంట్లో ప్రతి ఒక్కరి బ్లడ్ గ్రూపు అందరికీ తెలుసా?
2. ఆసుపత్రిలో “మా వాణ్ణే ముందు చూడాలి” అని పలుకుబడి వాడిన సందర్భం ఉందా? అప్పుడు వెనుక ఆగిపోయినవారు ఎవరు?
3. మీ ఊరిలో మాక్ డ్రిల్ జరిగితే మీ ఇంటి నుండి ఎవరు వెళ్లగలరు?